అమెరికా అధ్యక్షుల విధానాలు చదివేటప్పుడు ఇది చూసుకోండి

పోటీ పరీక్షల కోసం అమెరికా అధ్యక్షులు, వాళ్ల విధానాలు బట్టీ పడుతున్నారా? పేరు, సంవత్సరం పక్కనే ఇంకోటి రాసుకోండి: అది కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఆమోదించిన చట్టమా, లేక ఉత్తర్వులాగా అధ్యక్షుడు తన సంతకంతో తేల్చేసిన నిర్ణయమా? సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

రూజ్‌వెల్ట్ 1935లో సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ (వృద్ధులకు పింఛన్లిచ్చే పథకం) కాంగ్రెస్ ఆమోదించిన చట్టం, తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో రద్దు చేయలేడు, అందుకే ఎన్ని ప్రభుత్వాలు మారినా నిలబడింది. అదే ప్యారిస్ వాతావరణ ఒప్పందం చూడండి, 2016లో ఒబామా సెనేట్ (కాంగ్రెస్ ఎగువ సభ) ఓటు లేకుండానే దేశాన్ని అందులో చేర్చారు, ట్రంప్ బయటికి తెచ్చారు, బైడెన్ 2021లో పదవిలోకి వచ్చిన రోజే తిరిగి చేరుతున్నామని సంతకం పెట్టారు, 2025లో ట్రంప్ వచ్చి మళ్లీ బయటికే! అలాగని ఉత్తర్వులన్నీ నీటిమీద రాతలు కావు, సైన్యంలో జాతి వివక్షను తొలగించమన్న ట్రూమన్ 1948 నాటి 9981వ ఉత్తర్వును తర్వాత ఎవరూ వెనక్కి తిప్పలేదు.

మనవాళ్లు టెన్షన్ పడే హెచ్‌1బీలో (అమెరికాలో నిపుణుల ఉద్యోగాలకిచ్చే వీసా) చట్టం, అధ్యక్షుడి నిర్ణయం రెండూ కలిసి ఉంటాయి. వీసా 1990లో పెద్ద బుష్ సంతకం చేసిన చట్టం నుంచి వచ్చింది, కాబట్టి దాన్ని పూర్తిగా ఎత్తేయాలంటే కాంగ్రెస్ పూనుకోవాలి. 2025 సెప్టెంబరు నాటి లక్ష డాలర్ల ఫీజు మాత్రం ట్రంప్ ప్రకటనతో వచ్చినదే.