అక్టోబరు గాలికి ముందు: రేకుల కప్పు, బీమా కాగితాలు, మేస్త్రీ

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా రేకుల ఇళ్లకు అసలు గండం అక్టోబరులోనే. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్లోకి చొరబడింది. కప్పు పనీ పాలసీ పనీ దసరాకి ముందే తెమిలిపోవాలి. హెచ్చరిక వచ్చాక మేస్త్రీ దొరకడు, దుకాణంలో బోల్టులు ఉండవు.

ముందు కప్పు సంగతి. తుఫాను గాలి రేకును పైకి లాగుతుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. ఆ లెక్కన మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న రేకును లేపే బలం 450 కిలోలు. చూరు దగ్గర, మూలల్లో ఇంకా ఎక్కువ. అలాంటి రేకు మీద నాలుగు ఇటుకలు పెట్టి నిశ్చింతగా పడుకునేవాళ్లు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇటుకలే ఎగిరి పక్కింటి మీద పడతాయి.

నిచ్చెన వేసి మొదట అంచులు చూడండి. చూరు వరస, నడికొప్పు, రెండు పక్క అంచులు: ఊడేది అక్కడే మొదలవుతుంది. మేకులతో కొట్టిన రేకయితే మేకులు తీయించి 8 మిల్లీమీటర్ల జె-బోల్టులు (కొక్కెంలా వంగినవి) వేయించాలి. జింకు రేకుకి బోల్టు మిట్ట మీద పడాలి, పల్లంలో పడితే నీళ్లు దిగుతాయి. రేకును ఆనుకొని తారు వాషరు, దాని మీద ఇనప వాషరు. అంచు వరసల్లో మిట్ట విడిచి మిట్టకి ఒక బోల్టు, మధ్యలో మూడు మిట్టలకు ఒకటి చాలు. పాత బోల్టు గట్టిగానే ఉన్నా దాని చుట్టూ రేకు తుప్పు పట్టిందంటే గాలికి రేకు చిరిగి బోల్టు మాత్రం మిగులుతుంది. చూరు గోడ దాటి 45 సెంటీమీటర్లకు మించి ఉంటే గాలికి పట్టు దొరికినట్టే, కోయించండి. సిమెంటు రేకుకి మేకు కొట్టొద్దు. డ్రిల్లుతో బోల్టుకన్నా కాస్త పెద్ద కన్నం పెట్టి, నట్టు మరీ బిగించకుండా వదలాలి, లేకపోతే పగులుతుంది. దాని మీద నడిచేటప్పుడు పలక వేసుకోండి. కోసేముందు నీళ్లు చల్లాలి, ముక్కుకి మాస్కు ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

రేకు పర్లిన్‌ని (రేకు కింద అడ్డంగా వేసే దూలాన్ని) వదలకపోయినా పర్లిన్ గోడను వదిలితే మొత్తం కప్పు ఒక్కసారిగా లేస్తుంది. పర్లిన్‌ని ఇనప పట్టీతో గోడ పైనున్న కాంక్రీటు బెల్టులోకి బిగించారో లేదో చూడండి. డబ్బు తక్కువైతే ముందు ఇదీ అంచు బోల్టులూ చేయించి, మిగతాది వచ్చే ఏడాదికి వదలండి.

పాలసీకి వస్తే, 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇంటికి భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీ అమ్ముతున్నాయి. తుఫాను అందులో ఉంటుంది. కార్పెట్ ఏరియాని (గోడల లోపలి నేల వైశాల్యాన్ని) అప్పటి నిర్మాణ ఖర్చుతో గుణించి బీమా మొత్తం లెక్క కడతారు, స్థలం ధర అందులో కలవదు. అరుగుదల, తుప్పు వల్ల వచ్చే నష్టానికి బీమా వర్తించదు. కప్పు రకం ప్రపోజల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. స్లాబు అని రాసి పైన రేకులుంటే సర్వేయరు (నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే మనిషి) కంట మొదట పడేది అదే. ఇంటి లోను ఉంటే బ్యాంకు కట్టించిన పాలసీ కాపీ అడిగి తెచ్చుకోండి. కొన్నిసార్లు అది లోను మొత్తానికే ఉంటుంది, క్లెయిమ్ సొమ్ము ముందు బ్యాంకుకే వెళ్లొచ్చు. ఇక్కడి తెలుగువాళ్లకు ఇంకో చిక్కు: ఒడియా పట్టాలో ఇంటిపేరు ఒక రకంగా, ఇంగ్లీషు పాలసీలో ఇంకో రకంగా పడుతుంది. ఇప్పుడే సరిచేయించండి.

సెప్టెంబరులో కప్పుని నాలుగు మూలల నుంచీ, లోపలి నుంచీ ఫొటోలు తీసి ఊళ్లో లేని బంధువుకి వాట్సాప్‌లో పంపండి. మీ ఫోను తడిసినా సాక్ష్యం ఉంటుంది.

గాలి మధ్యలో ఒక్కసారిగా ఆగితే బయటికి రావొద్దు, అది తుఫాను కన్ను కావచ్చు, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. తెగిన తీగ కనిపిస్తే 1912కి ఫోన్ చేయండి. కప్పు పోతే అదే రోజు కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబరు రాసుకోండి. సర్వేయరు చూడకుండా పక్కా మరమ్మతు చేయొద్దు. పాలిథిన్ కప్పి నష్టం పెరగకుండా ఆపడం మాత్రం మీ బాధ్యత, ఆ బిల్లు దాచండి. విరిగిన రేకులు పాత ఇనుముకి అమ్మేయకండి. సర్వేయరు ఫీజు కంపెనీదే, ఆయన చేతిలో ఏమీ పెట్టక్కర్లేదు. క్లెయిమ్ కొట్టేస్తే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కి ఫిర్యాదు, ఆపైన భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ (తగవు తీర్చే అధికారి), దానికి ఖర్చు లేదు. ప్రభుత్వ సాయం వేరే దారి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) జాబితాలో మీ ఇల్లు ఎక్కిందో లేదో వెళ్లి చూసుకోవాలి.

తుఫాను మర్నాడే మోటారు సైకిల్ మీద వచ్చి "రేపే వేసేస్తాం, సగం ఇచ్చేయండి" అనేవాళ్లకి డబ్బివ్వొద్దు. కాగితం మీద రేకు మందం, బోల్టుల లెక్క, పర్లిన్ ఎడం, కూలి వేరు, సరుకు వేరు రాయించండి. సరుకు మీరే కొంటే మేలు, జీఎస్టీ బిల్లు మీ పేరున వస్తుంది, క్లెయిమ్‌కి అదే కావాలి. 0.5 మిల్లీమీటర్ల రేకు అని చెప్పి 0.35 దించడం మామూలే, వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరంతో) మీ ఎదుటే కొలిపించండి. అడ్వాన్సు కూలిలో పావు వంతు మించనివ్వకండి. చివరి పదో వంతు ఒక మంచి వాన పడి, లోపల చుక్క రాలేదని చూశాకే ఇవ్వండి.