బరువు పెరిగాక నెలసరి గాడి తప్పితే: ఏది ముందు చూడాలి

సమస్య: నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది.

ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. ఎలాగూ తప్పుతూనే ఉంటుంది కదా అని దీన్ని వదిలేసి, నెలసరి రప్పించే మాత్రలు వేసుకునేవాళ్లను ఎంతమందిని చూశానో! టెస్టులో ఏమీ లేదని తేలాక థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), షుగర్ పరీక్షలు.

సమస్య: ఏడాదిగా ప్రయత్నిస్తున్నా గర్భం రావడం లేదు (35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవాలి).

భర్త వీర్యపరీక్ష అయిందా? ఆమె లావుగా కనిపిస్తే చాలు, తప్పంతా ఆ బరువుదే అనేస్తారు. ఆయన పరీక్ష కాకుండా ఆమెకు ఏళ్ల తరబడి మందులు వాడించడం అన్యాయం.

సమస్య: నెలసరి వస్తూనే ఉంది, అయినా గర్భం లేదు. లేదా నెలలు ఆగి, ఒక్కసారిగా గడ్డలు గడ్డలుగా పోతోంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. బ్లీడింగ్ అయినంత మాత్రాన అండం విడుదలైనట్టు కాదు. కొవ్వు కణాలు కూడా ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తయారుచేస్తాయి. బరువుతో పాటు ఇన్సులిన్ పెరుగుతుంది, అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది, దాంతో అండం ఎదుగుదల సగంలోనే ఆగిపోతుంది. ఫాస్టింగ్ షుగర్ మామూలుగా ఉన్నా లోపల ఇన్సులిన్ ఎక్కువగా ఉండొచ్చు. అండం విడుదల కాకపోతే, గర్భసంచి పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారవదు. అప్పుడు ఈస్ట్రోజన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుకుంటూ పోతుంది. మోయలేనంత మందమయ్యాక ఆ పొర దానంతటదే విరిగిపడుతుంది. 'హమ్మయ్య, వచ్చింది' అనుకుంటారు. నెలసరిలా కనిపిస్తుందే గానీ అది నెలసరి కాదు.

తేల్చుకోవడానికి ప్రొజెస్టెరాన్ పరీక్ష ఉంది. దాన్నీ తప్పు రోజున చేయిస్తారు! 21వ రోజు లెక్క 28 రోజుల నెలసరికే. మీకు 35 రోజులకు వస్తుంటే 28వ రోజున చేయాలి, అంటే తర్వాతి నెలసరికి వారం ముందు. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. తేదీలు బొత్తిగా కుదరనివాళ్లు నెలసరి వచ్చేదాకా వారానికోసారి చేయించుకోవాల్సి రావచ్చు.

పరిష్కారం: ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం మళ్లీ విడుదలవుతుంది. 90 కిలోలుంటే నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలు. సన్నబడేదాకా ఆగక్కర్లేదు. అది చాలకపోతే, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు డాక్టర్లు ముందుగా ఇచ్చేది అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ మాత్ర. కొందరికి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కూడా ఇస్తారు. పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నా ఊరుకోకండి. ఆ పొర ఏళ్ల తరబడి అలా పెరిగితే క్యాన్సర్ ముప్పు ఉంటుంది. మధ్యమధ్యలో ప్రొజెస్టెరాన్ మాత్రలో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూపో వాడాలి. చాలాకాలంగా ఇలా ఉండి బ్లీడింగ్ ఎక్కువైతే, వయసు చిన్నదైనా బయాప్సీ (ఆ పొర ముక్క తీసి చేసే పరీక్ష) గురించి అడగండి. మెనోపాజ్ తర్వాత రక్తపు చుక్క కనిపించినా ఆలస్యం చేయకండి.

కుషింగ్స్ (కార్టిసాల్ హార్మోన్ అతిగా పెరిగే జబ్బు), హార్మోన్లు తయారుచేసే కణితులు బాగా అరుదు. కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయినా, పొట్టమీద వెడల్పాటి ఊదారంగు చారలు వచ్చినా తప్ప వాటి గురించి బెంగపడక్కర్లేదు.

బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ అనే మందు వాడుతుంటే, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. అప్పటిదాకా గర్భనిరోధకం తప్పనిసరి, ఎందుకంటే బరువు తగ్గుతుండగా అండం ఏ నెల విడుదలవుతుందో చెప్పలేం.