ఫెర్న్ పెంపకం – 3వ పాఠం: కత్తెర ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో కుండీ, మట్టి, నీడ సంగతి చూశాం. ఈసారి కత్తిరింపు. మన నర్సరీల్లో తేలిగ్గా దొరికే బోస్టన్ ఫెర్న్‌నే తీసుకుందాం. ఇది ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అలాగని ఆకులు ఎండవని కాదు. అడుగున ముసలివి ఎండుతూనే ఉంటాయి, మధ్యలోంచి కొత్తవి లేస్తూనే ఉంటాయి.

మందారం కొమ్మ కోస్తే కింది కణుపు దగ్గర చిగురేస్తుంది. ఫెర్న్ ఆకు అలా కాదు. సగానికి కోస్తే ఆ మోడు అలాగే నిలబడిపోతుంది. అందుకే పాడైన ఆకును కాడ మొదట్లో, మట్టికి దగ్గరగా కోయాలి. చేత్తో లాగొద్దు, పక్క మొలకలు కూడా ఊడొస్తాయి. ముందు ఆకుల్ని పక్కకి తీసి మధ్యలోకి చూడండి. పాము చుట్టలా ముడుచుకుని లేత ఆకులుంటాయి. కాస్త తగిలినా విరుగుతాయి. వాటికి తగలకుండా కోయడమే ఈ పాఠంలో అసలు పని.

చివర్లు మాత్రమే మాడితే ఆకంతా తీసేయకండి. మిగిలిన పచ్చదనం ఇంకా మొక్కకి తిండి పెడుతోంది. మాడిన కొస వరకే తీసి, కారణం వెతకండి. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? అది బోరు నీళ్లలోని ఉప్పు కావచ్చు. అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా వాన నీళ్లు పోస్తే చాలావరకు కొట్టుకుపోతుంది.

ఆకు వెనక గోధుమ రంగు చుక్కలు చూసి టెన్షన్ పడి మందు కొట్టేవాళ్లున్నారు. పాపం, మొక్క చేసిన తప్పేం లేదు! చుక్కలు వరసగా ఉంటే అవి సిద్ధబీజాల గుంపులు, అంటే ఫెర్న్‌కి విత్తనాల్లాంటివి. అడ్డదిడ్డంగా ఉండి, గోటితో గీస్తే ఊడొచ్చి, ఆకు జిగటగా ఉంటే అప్పుడు పొలుసు పురుగని అనుమానించండి.

పెద్ద కత్తిరింపు మృగశిర కార్తెలో వానలు పడ్డాకే. రోహిణి ఎండల్లో వద్దు. మొక్క మొత్తం ఎండినా పారేయకండి. రెండంగుళాలు ఉంచి అంతా కోసి, నీడలో తడి ఆరకుండా చూస్తే చాలాసార్లు తిరిగి లేస్తుంది. ఎరువు మాత్రం కొత్త ఆకులు విచ్చుకున్నాకే. అమెరికాలో పెరట్లో క్రిస్మస్ ఫెర్న్ ఉన్నవాళ్లు చలికాలం చివర్లో, కొత్త చుట్టలు లేవకముందే పాత ఆకులు తీయాలి.

కుండీ అంచు దాటి సన్నటి దారాల్లాంటివి వేలాడుతుంటే ఇప్పుడే కోయకండి. వచ్చే పాఠంలో వాటితోనే కొత్త మొక్కలు చేద్దాం.