డిసెంబర్‌లో వాన, జనవరిలో పొగమంచు: మామిడి పూత నిలబెట్టుకోవాలంటే ఏం చెయ్యాలి

మామిడికి చలికాలం ఎందుకు కావాలో ముందు చెప్పేస్తా, మిగతాదంతా దాని మీదే నడుస్తది. వర్షాలు వెనక్కి పోయాక చెట్టు ఒక రెండు నెలలు ఎండిన నేలలో, రాత్రి చలిలో ఊరికే ఉండాలి, కొత్త ఇగురు, అంటే లేత ఆకులు, వెయ్యకూడదు. రాత్రి టెంపరేచర్ 15 డిగ్రీల దగ్గరికి దిగి కొన్నాళ్ళు అలా ఉంటే ముదిరిన కొమ్మల చివర మొగ్గ పూమొగ్గ అవుద్ది. చలి సరిగ్గా రాకపోయినా, మధ్యలో తుఫానొచ్చి నేల నానినా అదే మొగ్గలోంచి పూతకి బదులు ఇగురొస్తది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అందరూ వరి గురించే మాట్లాడారు, కరెక్టే, కోతకొచ్చిన పంట మరి, కానీ మామిడికి కూడా అంతకన్నా తప్పు టైంలో వాన పడదు.

సో అలాంటి వాన పడితే ఫస్ట్ నీళ్ళు బయటికి పంపండి. పాదుల్లో నిలిచిన నీటికి కాలవ తీసి, నేల కాస్త ఆరగానే సాళ్ళ మధ్య పైపైన ఒకసారి దున్నితే పై తేమ త్వరగా ఆరుద్ది. లోతుగా దున్ని వేర్లు తెంపుకోవద్దు. యూరియా మాట అసలు ఎత్తొద్దు, "చెట్టు నీరసంగా ఉంది కాస్త బలం వేద్దాం" అనిపిస్తది, ఆ బలమంతా ఇగురుకే పోద్ది.

తర్వాత కొమ్మ చూడండి. క్యాలెండర్ చూసి మందు కొట్టడం మామూలు ఏడాదికి ఓకే, వాతావరణం తిరగబడ్డ ఏడాదికి కాదు. తోటలో నాలుగు వైపులా తిరిగి చూస్తే ఒకే చెట్టుకి ఒక పక్క ముదురు కొమ్మలు, ఇంకో పక్క రాగి రంగు లేత ఇగురు కనపడుద్ది. ఆకు ముదురు ఆకుపచ్చగా ఉండి, నలిపితే గరగరమంటూ, చివర మొగ్గ కాస్త ఉబ్బి ఉంటే అప్పుడే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, లీటరు నీళ్ళకి 10 గ్రాములు కలిపి కొట్టండి, మొగ్గ కదులుద్ది. లేత ఇగురు మీద కొడితే డబ్బులు దండగ, అది ముదిరే దాకా ఆగాల్సిందే. అన్నట్టు ఈ పద్ధతి మనది కాదు, ఫిలిప్పీన్స్‌లో పూత కోసం చెట్ల కింద రోజుల తరబడి పొగ పెట్టేవాళ్ళు, ఆ అవస్థ తప్పించడానికి రామన్ బార్బా అనే సైంటిస్ట్ ఈ మందు పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు తలనొప్పి, పూత బయటపడ్డాక వచ్చే మంచు. పగలు ఎండ, రాత్రి చలి, తెల్లారేసరికి పూత మీద తడి, ఇలా వరసగా ఉంటే బూడిద తెగులు వస్తది, పూకాడల మీద తెల్లగా పిండి చల్లినట్టు ఉండి పూత మాడి రాలిపోద్ది. మబ్బు పట్టి చినుకులు కూడా పడితే నల్ల మచ్చల తెగులు. ఇక తేనెమంచు పురుగు సంగతి వేరే, అది పూత రసం పీల్చి జిగురు కారుస్తది, ఆ జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. మంచు వల్లే జిగురొచ్చిందని చాలామంది అనుకుంటారు, చెట్టు కింద నిలబడి కొమ్మ ఊపితే టపటపా ఎగిరేవాటిని చూస్తే తెలుస్తది ఎవరి పనో.

బూడిదకి పూమొగ్గ దశలోనే నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, ఎండ మండే రోజున మాత్రం వద్దు, మాడుద్ది. తెగులు కనపడితే హెక్సాకోనజోల్ 2 మి.లీ. నల్ల మచ్చలకి కార్బెండజిమ్ 1 గ్రాము. పురుగుకి ఇమిడాక్లోప్రిడ్ 0.3 మి.లీ, అదీ పూత విచ్చకముందే, పురుగు బెరడు సందుల్లో దాక్కుంటది కాబట్టి మొదలు, పెద్ద కొమ్మలు కూడా తడిసేలా. మంచు ఆరకముందు ఏదీ కొట్టొద్దు, జారిపోద్ది. షాపులో "పూత ప్యాకేజీ" అని ఐదు డబ్బాలు కలిపి ఇస్తారు కదా, నా లెక్కలో అందులో మూడు మీ తోటకి పనిలేనివే, తెగులు పేరు చెప్పి దానికి మందు మాత్రమే అడగండి.

పూలు పూర్తిగా విచ్చుకున్నాక పురుగు మందు ఆపెయ్యండి. మామిడిలో పరాగం మోసేది ఎక్కువగా ఈగలు, తేనెటీగలు కూడా. అసలే చలి ఎక్కువైన ఏడాది పూకంకిలో మగ పూలే ఎక్కువుంటాయి, పుప్పొడి కూడా సరిగ్గా పనిచెయ్యదు, దానికి తోడు ఈగల్ని కూడా చంపుకుంటే ఇంక పిందె ఎక్కడిది. చలిదెబ్బకి గింజ కట్టని చిన్న పిందెలు గుత్తులుగా నిలబడతాయి, చూడ్డానికి కాపు భలే ఉన్నట్టుంటది, తర్వాత రాలిపోతాయి, వాటిని లెక్కలో వేసుకోవద్దు. మొదటి పూత మొత్తం మాడినా వెంటనే ఆశ వదులుకోవద్దు, చలి ఇంకా ఉంటే అదే కొమ్మకి పక్క మొగ్గల్లోంచి మళ్ళీ పూత వస్తది.

నీళ్ళు ఎప్పుడంటే, పిందె బఠానీ గింజంత అయ్యాక, అదీ కొద్దికొద్దిగా మొదలెట్టి పెంచాలి. ఫిబ్రవరిలోనే ఎండలు ముదిరితే లేట్ చెయ్యొద్దు, పిందె రాలుద్ది. వాతావరణ శాఖ వాళ్ళ మేఘదూత్ యాప్‌లో మీ జిల్లాకి మంగళ, శుక్రవారాలు సలహా వస్తది, మందు కొట్టే ముందు రోజు అది చూసుకుంటే వానకి కొట్టుకుపోయే ఖర్చయినా తగ్గుద్ది.

ఇలాంటి ఏడాది పూత రెండు మూడు దఫాలుగా వస్తది కాబట్టి ముందు పూసిన చెట్లకి ఒక రంగు, వెనక పూసినవాటికి ఇంకో రంగు మొదలు మీద పెయింట్ వేసి పెట్టుకోండి, లేకపోతే కోతప్పుడు బంగినపల్లిలో సగం పచ్చి కాయ కలిసిపోయి మార్కెట్లో రేటు తగ్గిస్తారు. తోట గుత్తకి ఇచ్చేవాళ్ళైతే పూత చూసి రేటు మాట్లాడుకోకండి, పిందె గోలీ సైజు దాటే దాకా ఆగండి, అప్పటికి చెట్టుకి నిజంగా ఏం మిగిలిందో ఇద్దరికీ కనపడుద్ది.