నలుగురి మాటల్లో చేరడం (ఆటిజం ఉన్న టీనేజర్లకు సంభాషణ పాఠాలు – 4)

ఒకరితో మాట్లాడేటప్పుడు ప్రశ్న అడగడం, జవాబు వినడం, అదే విషయంపై మన మాట ఒకటి చెప్పడం గత పాఠంలో అభ్యసించాం. ఇప్పటికే మాట్లాడుకుంటున్న నలుగురిలో చేరడం అంతకన్నా కష్టం. దీన్ని మెట్లుగా విడదీసి నేర్పే 'పీర్స్' శిక్షణను లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ రూపొందించారు. అందులో తల్లిదండ్రులకూ పాత్ర ఉంటుంది. ఆ మెట్లనే విజయనగరం అయోధ్య మైదానంలో ఒక సాయంత్రానికి అన్వయించుకుందాం.

మీ క్లాసు పిల్లలు నలుగురు ఆట ముగించి, నిన్నటి మ్యాచ్ గురించి వాదించుకుంటున్నారు. మీరు వెంటనే దగ్గరకు వెళ్లకుండా, నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, ఫోన్ చూసుకుంటూనే వారి మాటలు వినండి. విషయం మీకు తెలిసినదైతే ఒక అడుగు ముందుకు వేసి, మాటల మధ్య చిన్న విరామం కోసం ఆగి, "ఆఖరి ఓవర్ అతనికి ఇవ్వకుండా ఉండాల్సింది కదా?" అనండి. సచిన్ తొలి టెస్టు సెంచరీ 1990లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో చేశాడన్నది నిజమే అయినా, నిన్నటి మ్యాచ్ మీద నడుస్తున్న వాదంలో అది ఇమడదు.

తర్వాతి కొన్ని క్షణాలే అసలు పరీక్ష. ఎవరైనా "మరేటి, నేనూ అదే అంటన్నాను" అని మీ వైపు భుజం తిప్పి, పక్కకు జరిగి చోటిస్తే మీరు చేరినట్టే. జవాబు రాక, అందరూ వీపులు మీ వైపే ఉంచితే, కారణం అడగకుండా, మరో మాట కలపకుండా, చూపు వేరే వైపు మళ్లించి మెల్లగా తప్పుకోండి. ఎదుటివారి కళ్లలోకి చూడటం ఇబ్బందైతే చేతిలోని బ్యాటు వైపు చూసినా చాలు. చూపుల విషయంలో బలవంతం చేయడం వల్ల మాట మీద ధ్యాస చెదురుతుందని నా అభిప్రాయం. పైగా అపార్థం రెండు వైపులా ఉంటుందని, ఆటిజం లేనివారికీ ఆటిజం ఉన్నవారి మనసు అందదని, తానూ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే వాదించారు.

ఈ వారం ఇంట్లో అమ్మ, నాన్న, అక్క వంట గురించో సినిమా గురించో మాట్లాడుకుంటుండగా ఇదే క్రమంలో చేరండి. పెద్దలకు ఒక సూచన: కొన్నిసార్లు ముందే చెప్పి జవాబివ్వకుండా ఉండండి, ఎందుకంటే తప్పుకోవడం కూడా ఇంట్లోనే అలవాటు కావాలి.