భూకంప విశ్లేషణను ఆఫీసు కంప్యూటర్ల మధ్య పంచడం ఎలా?

భూకంపాలను తట్టుకునే డిజైన్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) ప్రకారం హైదరాబాద్ రెండో భూకంప మండలంలో ఉంది, అక్కడి భూకంప తీవ్రతను సూచించే మండల గుణకం 0.10. కనుక కోకాపేట టవర్ల డిజైన్‌లో తరచుగా గాలిదే పైచేయి. అయితే గచ్చిబౌలి డిజైన్ ఆఫీసుకు ఐదో మండలంలోని గువాహటి భవనం పని వచ్చి, నాన్‌లీనియర్ టైమ్ హిస్టరీ విశ్లేషణ (భవనం దెబ్బతినడాన్ని కూడా లెక్కిస్తూ, క్షణక్షణం దాని స్పందనను చూడటం) చేయవలసివస్తే, ఒక్కో భూకంప రికార్డుకే (నేల కదలిక నమోదుకే) గంటలు పట్టవచ్చు. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7-16 అటువంటి రికార్డులు కనీసం 11 ఉండాలంటుంది.

పంచవలసినది మోడల్‌నా, రికార్డులనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మోడల్‌ను ముక్కలు చేస్తే, సరిహద్దు నోడ్‌ల (ముక్కలు కలిసే బిందువుల) సమాచారాన్ని కంప్యూటర్లు లెక్క తిరగచేసే ప్రతి ఇటరేషన్‌లోనూ ఇచ్చిపుచ్చుకోవలసివస్తుంది కాబట్టి, మామూలు ఆఫీసు నెట్‌వర్క్ మీద పంచడం వల్ల ఆదా అయిన సమయమంతా ఆ నిరీక్షణకే సరిపోతుంది. రికార్డులకు ఒకదానితో ఒకదానికి పనిలేదు. అందుచేత మోడల్ ఒక కంప్యూటర్ మెమరీలో పట్టినంతవరకు రికార్డులనే పంచాలి. పట్టనప్పుడే, భూకంప విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీస్‌లో మోడల్‌ను ముక్కలు చేసి పంచే రూపమైన ఓపెన్‌సీస్‌ఎస్‌పీ వైపు చూడాలి. లీనియర్ స్టాటిక్ విశ్లేషణకు ఇంత హంగామా దండగ, ఎందుకంటే స్టిఫ్‌నెస్ మాత్రికను (భవనం దృఢత్వాన్ని తెలిపే సంఖ్యల పట్టికను) ఒకసారి ఫ్యాక్టరైజ్ చేస్తే లోడ్ కేసులన్నీ దానితోనే తేలిపోతాయి.

రికార్డులను పంచడానికి వాడే రూపం ఓపెన్‌సీస్‌ఎంపీ. అందులో ఒకే స్క్రిప్టు అన్ని ప్రాసెస్‌లలోనూ (ఏకకాలంలో నడిచే ప్రోగ్రాం ప్రతులలోనూ) నడుస్తుంది. రికార్డు సంఖ్యను మొత్తం ప్రాసెస్‌ల సంఖ్యతో భాగించగా వచ్చిన శేషం, ఆ ప్రాసెస్ క్రమసంఖ్యను చెప్పే గెట్‌పీఐడీ ఆదేశం ఇచ్చిన సంఖ్యతో సరిపోతేనే ఆ రికార్డును చేపట్టాలని స్క్రిప్టులో రాయాలి. ప్రతి రికార్డుకూ పాత మోడల్‌ను తుడిచి, కొత్తగా నిర్మించి, గ్రావిటీ లోడ్‌ను స్థిరపరచి, కాలాన్ని సున్నాకు తెచ్చిన తరువాతే భూకంపాన్ని ప్రయోగించాలి. లేకుంటే మొదటి భూకంపంలో దెబ్బతిన్న భవనాన్నే రెండోది కుదిపినట్టవుతుంది. ఫలితాల ఫైలు పేరులో రికార్డు సంఖ్య తప్పనిసరి, లేకపోతే ఒక ప్రాసెస్ రాసినదాన్ని మరొకటి చెరిపేస్తుంది.

11 రికార్డులను నాలుగు ప్రాసెస్‌లకు పంచితే 3, 3, 3, 2గా వస్తాయి. చూడటానికి సమంగానే ఉన్నా, కన్వర్జెన్స్ (లెక్క ఒక జవాబుకు స్థిరపడటం) కుదరక టైమ్ స్టెప్‌ను చిన్నది చేసుకుంటూ పోయే రికార్డులు రెండు ఒకరి వాటాలోనే పడితే మిగతా ముగ్గురూ ఖాళీగా కూర్చుంటారు. అటువంటప్పుడు ఖాళీ అయిన కంప్యూటర్‌కు తరువాతి పనిని అందించే హెచ్‌టీకాండర్ వంటి క్యూలో రికార్డుకొక జాబ్ చొప్పున పెట్టి, ఎక్కువసేపు పట్టేవాటిని ముందుగా పంపడం మేలు.

పని పూర్తయ్యాక ఒక రికార్డును ఒంటరి కంప్యూటర్‌లో విడిగా నడిపి, పైకప్పు స్థానభ్రంశం, బేస్ షియర్ (పునాది మట్టం వద్ద మొత్తం అడ్డబలం) సరిపోలుతున్నాయో లేదో చూడాలి. ప్రతి ఫలితాల ఫైలులోనూ చివరి వరుసలోని కాలం రికార్డు పూర్తి నిడివికి చేరిందా అన్నది కూడా పరిశీలించాలి. మధ్యలో ఆగిపోయినవాటిని, అది భవనం కూలడమా, సమీకరణాలను సాధించే సాల్వర్ మొరాయించడమా అన్నది తేలేవరకు, సగటులో కలపరాదు.