పుంజా, పెట్టా? కోడిపిల్ల దగ్గర తికమక పడుతుంటే

పోయినేడు మా దొడ్లో పెట్ట 11 పిల్లలను దింపింది. గద్ద రెండింటిని ఎత్తుకుపోగా తొమ్మిది మిగిలాయి. రెండు నెలలకు వాటిలో ఒక ఎర్రది మెడ నిక్కించి, మిగతావాటిని పొడుస్తూ గంప చుట్టూ పెత్తనం చేసేది. ఇంకేం, పుంజే అనుకున్నా. ఎల్లమ్మ మొక్కుకు దాన్నే ఇద్దామని అత్తమ్మకు చెప్పా. ఆమె దాన్ని పట్టి నడుము మీది ఈకలు విడదీసి చూసి, "గిది పెట్టనే బిడ్డా. ఏం తొందరొచ్చింది నీకు? ఇంకో నెల ఆగు" అంది. అదే ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే బాగా గుడ్లు పెడుతోంది. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో నాలాంటి తొందరవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఇదంతా రాస్తున్నా.

సమస్య: పిల్ల పుట్టగానే తెలుసుకోవాలని ఉంది

నాటు కోడి పిల్లను చూసి మొదటి రోజే చెప్పడం ఇంట్లో కుదిరే పని కాదు. కొనదేలిన గుడ్డులో పుంజు, గుండ్రంగా ఉన్నదాంట్లో పెట్ట ఉంటుందనే మాటలో నిజం లేదు. పిల్ల ఏదవుతుందో గుడ్డు ఆకారం తేల్చదు, తల్లి పెట్ట నుంచి వచ్చే క్రోమోజోమ్ తేలుస్తుంది. హేచరీల్లో పిల్ల వెనక భాగాన్ని నొక్కి చూసి చెప్పేవాళ్లు ఉంటారు. అది ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని. మనం నొక్కితే పిల్లకు దెబ్బ తగులుతుంది. రెక్క ఈకల పొడవు చూసి చెప్పే పద్ధతి ఉన్నా, అందుకోసమే ప్రత్యేకంగా జత కలిపిన రకాలకే పనికొస్తుంది. కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదు. మేత వేయండి, పిల్లికి చిక్కకుండా చూసుకోండి.

సమస్య: పెట్టలని కొన్నాం, అన్నీ పుంజులయ్యాయి

బండి మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల దగ్గర ఇది మామూలే. గుడ్ల కోసం పెంచే రకాల్లో మగ పిల్ల గుడ్డు పెట్టదు, మాంసం కూడా త్వరగా పట్టదు. హేచరీకి అక్కర్లేని ఆ పిల్లలే ఎక్కువగా రంగు పూసుకుని వీధిలోకి వస్తాయి. నేనూ ఒకసారి ఆరు కొన్నా. నాలుగు బతికాయి, నాలుగూ కూశాయి.

గుడ్లే కావాలంటే మూడు నెలలు దాటిన పెట్టలను చూసి కొనండి, ధర ఎక్కువైనా సరే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాల పిల్లలు తెచ్చుకునేవాళ్లు, పుంజు పెట్ట వేరుచేసి ఇస్తే తప్ప, సుమారు సగం పుంజులే వస్తాయనుకోవాలి. ఐదు పెట్టలు కావాలంటే పది పన్నెండు పిల్లలు తెచ్చుకోండి.

సమస్య: రెండు నెలలైంది, జుట్టు చూస్తే అనుమానంగా ఉంది

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పుంజు పిల్లకు జుట్టు పెరిగి ఎర్రబడుతుంది, గడ్డం కింద తమ్మెలు కనిపిస్తాయి, కాళ్లు లావెక్కుతాయి. పెట్ట జుట్టు చిన్నగా, లేత పసుపులోనో గులాబీలోనో ఉండిపోతుంది. వినడానికి తేలిగ్గానే ఉంది. చిక్కంతా జాతులతో వస్తుంది. అసీల్ జుట్టు బఠానీ గింజలు పేర్చినట్టు చిన్నగా ఉండి ఆలస్యంగా పెరుగుతుంది. కడక్‌నాథ్‌లో నలుపు వల్ల ఎరుపే సరిగా కనపడదు. కడుపులో పురుగులు పడ్డా, గోమార్లు రక్తం పీల్చినా పుంజు జుట్టు కూడా పాలిపోతుంది, మనం దాన్ని పెట్ట అనుకుంటాం.

అందుకే ఒక్కదాన్నే పట్టుకుని తేల్చకండి. ఒకేసారి పొదిగి దింపిన పిల్లలన్నిటినీ పక్కపక్కన చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. పాలిపోయి, రెక్కలు వాల్చి ఉన్నదానికి ముందు పశువుల డాక్టరును అడిగి మందు వేయించండి. పుంజో పెట్టో తర్వాత చూసుకోవచ్చు. పోట్లాటను మాత్రం అస్సలు లెక్కలోకి తీసుకోకండి, చిన్నప్పుడు పెట్టలూ పొడుచుకుంటాయి. నేను మోసపోయింది అక్కడే.

సమస్య: మూడు నెలలు దాటింది, ఇంకా తేలలేదు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే నిజం చెప్పేవి ఈకలే. చీకటి పడి కోళ్లు గంపలో సద్దుమణిగాక ఒకదాన్ని తీయండి. ఒక చేయి రొమ్ము కింద పెట్టి, కాళ్లు వేళ్ల మధ్య పట్టుకుంటే గింజుకోదు. ఇంకొకరిని ఫోన్ టార్చ్ వేయమనండి. తోక మొదలయ్యే చోటికి కొంచెం ముందు, నడుము మీది ఈకలను వేలితో పైకి లేపి చూడండి. పెట్టకు ఆ ఈక కొన చింతాకులా గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. పుంజుకైతే వరి ఆకులా సన్నగా సాగి, కొనదేలి, నూనె రాసినట్టు మెరుస్తూ నడుముకు రెండు పక్కలా జారుతుంది. మెడ ఈకల్లోనూ ఇదే తేడా. తోకలో కొడవలిలా వంగే ఈకలు ఇంకొన్నాళ్లకు వస్తాయి.

కొత్త ఈకలు ఇంకా గొట్టాల్లోనే ఉంటే తొందరపడకుండా రెండు వారాలాగి మళ్లీ చూడండి. ఒక్క కొనదేలిన ఈక కనిపించినా నా లెక్కలో అది పుంజే. కనపడకపోతే మాత్రం పెట్ట అని అప్పుడే ఖాయం చేయను.

సమస్య: ఈకలు పుంజువే, కానీ కూయడం లేదు

ఇంట్లో పెద్ద పుంజు ఉందేమో చూడండి. దాని ముందు చిన్నవి వెనక్కి తగ్గుతాయి. కొన్ని మూడు నెలలకే గొంతు సవరిస్తే, కొన్ని ఐదు నెలలు తీసుకుంటాయి. కాలి ముల్లు కోసం ఎదురుచూడటం దండగ, ముసలి పెట్టలకూ మొలుస్తుంది.

సమస్య: పెట్ట అనుకున్నదానికి ఆరు నెలలకు జుట్టు ఎర్రబడింది

భయపడకండి, గుడ్లకొస్తోంది. వీపు మీద చేయి వేస్తే రెక్కలు కొంచెం విప్పి కిందికి కూర్చుంటుంది. వెనక రంధ్రానికి రెండు పక్కలా ఉన్న సన్నటి ఎముకల మధ్య రెండు వేళ్లు పడితే ఇంకెన్నో రోజులు లేవన్నమాట. మూలన గడ్డి వేసిన బుట్ట పెట్టండి, లేకపోతే గడ్డివాములో గుడ్లు వెతుక్కోవాలి. గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. అప్పుడైనా పది పెట్టలకు ఒకటి సరిపోతుంది. మిగతావి కూరకో, అమ్మకానికో. మేడారం జాతర ఏడైతే అడిగేవాళ్లు ఇంటికే వస్తారు.

సమస్య: గుడ్లు పెట్టిన పెట్టే కూస్తోంది

అరిష్టమని వెంటనే కోసేస్తారు పాపం. పెట్టకు సాధారణంగా ఎడమ పక్క అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అది జబ్బు పడితే ఆడ హార్మోన్ తగ్గి, ఒక్కోసారి పుంజులా ఈకలు, కూత వస్తాయి. గుడ్ల మీద ఆశ వదులుకోవాలి. కానీ తింటూ తిరుగుతూ ఉంటే దాని మానాన దాన్ని ఉండనివ్వండి. మా పక్కింటివాళ్ల ముసలి పెట్ట అలాగే రోజూ తెల్లారి గోడెక్కి సగం కూత కూసి దిగుతుంది.